లోపం మధ్యలో ఉంది

‘మెకట్రానిక్స్ చదువుతున్నాను’ అంటే మా వీధిలో చాలామందికి ‘మెకానిక్’ అన్న మాటొక్కటే వినపడుతుంది. “ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఆ గ్రీజు చదువు?” అని జాలిపడతారు. నిజానికి వాళ్ళు సగం సరిగ్గానే విన్నారు. మెకానిక్స్, ఎలక్ట్రానిక్స్ అనే రెండు మాటల్ని కలిపి 1969లో జపానులోని యస్కావా ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరు టెట్సురో మోరి ఈ పేరు పుట్టించాడు. కంపెనీ దాన్ని తన ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించుకుని, తరువాత లోకానికి వదిలేసింది. మాటల్ని అతికించటం తేలికే. ఆ రెండు విద్యల్ని బల్ల మీద అతికించటం ఎంత కష్టమో మినీ ప్రాజెక్టుకు వచ్చేదాకా మాకు తెలియలేదు.

నలుగురం ఒక జట్టు. తెల్ల ఫ్లెక్సీ మీద నల్ల టేపుతో వేసిన గీత వెంట తనంతట తాను నడిచే చిన్న బండి తయారుచేయాలి. కింద ఐదు ఇన్‌ఫ్రారెడ్ కళ్ళు, రెండు గేరు మోటార్లు, పైన ఆర్డుయినో బోర్డు. మొదటి రోజే పనులు పంచారు. ఒకడికి ఛాసిస్, ఒకడికి సర్క్యూటు, ఒకడికి ప్రోగ్రాము. నా వంతు వచ్చేసరికి, “నీ ఇంగ్లీషు బాగుంటుంది, రిపోర్టు నువ్వు రాసెయ్” అన్నారు. జట్టులో ఆడపిల్లకు దక్కే శాశ్వత పదవి ఇది! “చెయ్యని పని గురించి ఏం రాయమంటారు? ముందు నాకూ ఒక స్క్రూడ్రైవరు ఇవ్వండి” అన్నాను. ఇచ్చారు.

రెండు వారాలకు బండి సిద్ధమైంది. స్విచ్చి వేస్తే బోర్డు వెలుగుతుంది, మోటారు తిరగబోతుంది, అంతలో బోర్డు ఆరిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. తప్పు సర్క్యూటుదన్నాడు ఛాసిస్ వాడు. ప్రోగ్రాముదన్నాడు సర్క్యూటు వాడు. మోటారుదన్నాడు ప్రోగ్రాము వాడు. విచిత్రమేమిటంటే ఎవరి భాగం వాళ్ళు విడిగా పరీక్షిస్తే ఏ లోపమూ లేదు!

చివరకు గుట్టు విప్పినవాడు సర్క్యూటు మిత్రుడే. డిప్లొమా చదివి ఈసెట్ ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో చేరాడు. సెలవుల్లో మోటారు వైండింగు షాపులో పనిచేసినవాడు. “బోరు మోటారు వెయ్యగానే ఇంట్లో బల్బు ఒక్కసారి డిమ్మవుతుంది చూడు, ఇదీ అదే” అన్నాడు. నిజమే. ఆగి ఉన్న మోటారు కదిలే క్షణంలో, మామూలుగా తిరిగేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. మా తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ అంత ఇవ్వలేక చతికిలబడుతోంది. వోల్టేజి పడిపోగానే బోర్డు స్పృహ తప్పుతోంది. మోటార్లకు వేరే బ్యాటరీ పెట్టి, రెండింటి నెగెటివులూ కలిపాం. మోటారు కొసల మధ్య చిన్న కెపాసిటర్లు నేను సోల్డరు చేశాను. లోపం ఏ ఒక్కరి భాగంలోనూ లేదు, భాగాల మధ్యలో ఉంది. ఆ ‘మధ్య’ పేరే మెకట్రానిక్స్ అని నాకు ఆ రాత్రి అర్థమైంది.

బండి నడిచింది గాని తాగినవాడిలా గీతకు అటూ ఇటూ ఊగింది. గీతనుంచి ఎంత తప్పిందో చూసి అంత గట్టిగా వెనక్కి తిప్పితే అవతలి పక్కకు పోతుంది. 1922లో మినార్‌స్కీ అనే ఇంజనీరు ఓడ చుక్కాని పట్టేవాళ్ళ తీరును గణితంలోకి తెచ్చాడు. ఆరితేరినవాడు ఓడ ఎంత తప్పిందన్నదే కాదు, ఎంత వేగంగా తప్పుతున్నదో కూడా చూసి ముందే చేయి సడలిస్తాడు. ఆ రెండో సంగతిని ప్రోగ్రాములో చేర్చి, అంకెలు మార్చి మార్చి పుస్తకంలో రాసుకుంటూ పోయాం. నాలుగో రోజుకు బండి బుద్ధిమంతురాలైంది.

పరీక్ష రోజున మా బల్ల కిటికీ పక్కన పడింది. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కదా, బండికి నలుపూ తెలుపూ తేడా తెలియలేదు. మా మిత్రుడు సంచిలోంచి పాత శుభలేఖ తీసి, అట్టను కత్తిరించి, కళ్ళ చుట్టూ గొడుగులా అంటించాడు. బండి గీత పట్టింది.

బయటినుంచి వచ్చిన ఎగ్జామినరుగారు ఆ అట్ట ఎందుకని అతన్నే ఇంగ్లీషులో అడిగారు. అతను తల వంచుకున్నాడు. నా నోటి చివరిదాకా వచ్చింది జవాబు. కాని అది నాది కాదు. “సార్, తెలుగులో చెప్పమనండి” అన్నాను. ఆయన నవ్వి, “చెప్పవయ్యా” అన్నారు. ఇక చూడాలి! ఎండనుంచి మొదలుపెట్టి బోరు మోటారు దాకా పది నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

అందరికీ ఈ అదృష్టం పట్టదు. చేతిలో విద్య ఉండి, మాట రాక మార్కులు పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. పక్కవాడి పని వల్లించి మార్కులు కొట్టేసినవాళ్ళూ ఉన్నారు. గురువర్యులకు నా మనవి ఒక్కటే: వైవాలో బండితోబాటు చేతుల్నీ పరీక్షించండి, జవాబు ఏ భాషలో వచ్చినా వినండి. జూనియర్ మిత్రులకు: జట్టులో పనులు వారం వారం మార్చుకోండి. రిపోర్టు రాసే అమ్మాయికి సోల్డరింగు ఐరను, సోల్డరు చేసే అబ్బాయికి కలమూ ఇవ్వండి. లోపం ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. అక్కడికి చేరాలంటే ఇద్దరూ చెరొక అడుగు జరగాలి.