కిలోమీటరు పదహారు రూపాయలు

మోటర్‌హోమ్ అద్దెకి తీసుకుంటే హోటల్ ఖర్చు మిగులుతుందని చాలామంది అనుకుంటారు. మా లెక్కలో మిగల్లేదు. 2025 వేసవిలో మూడేళ్ళ పాపతో న్యూజిలాండ్ దక్షిణ ద్వీపానికి వెళ్ళాలనుకున్నప్పుడు మా ఆయన ఒక పక్క చిన్న కారు, మోటెల్ గదులు వేసి లెక్కకట్టారు. నేను ఇంకో పక్క నాలుగు పడకల మోటర్‌హోమ్ వేశాను. బండి అద్దె, బీమా, రాత్రి నిలుపుకునే చోటికి కట్టేది, డీజిలు అన్నీ కలిపితే రెండూ ఇంచుమించు ఒకే అంకె దగ్గర ఆగాయి. పైగా అక్కడి మోటెళ్ళలో చాలావాటికి చిన్న వంటిల్లు ఉంటుంది కాబట్టి, వండుకోవచ్చన్న వాదన కూడా మోటర్‌హోమ్‌కి పూర్తిగా కలిసిరాలేదు.

అయినా బండే తీసుకున్నాం. రోజూ పొద్దున్నే సామాను సర్ది, సాయంత్రం కొత్త గదిలో విప్పే పని ఉండదు. పాప రోజూ ఒకే పక్క మీద పడుకుంటుంది. ఆకలన్న చోటే పొయ్యి, అవసరమన్న చోటే టాయిలెట్. మేం డబ్బు పెట్టింది వీటికి. ఆదా కోసం కాదని ముందే రాసుకోవడంవల్ల తర్వాతి నిర్ణయాలు తేలికయ్యాయి.

ఉద్యోగరీత్యా నేను అకౌంట్స్ మనిషిని. ఇలాంటి ప్రయాణంలో ఖర్చులు మూడు రకాలని నాకనిపించింది: మనిషికి ఇంత, రోజుకి ఇంత, కిలోమీటరుకి ఇంత. అందరూ బేరమాడేది రోజు అద్దె దగ్గర. చిన్నపిల్లతో వెళ్ళేవాళ్ళు నిజంగా కోత పెట్టగలిగింది మాత్రం మూడోదాంట్లోనే.

మనిషి లెక్కన పడే ఖర్చులో మన చేతిలో ఉండేది తక్కువ. రెండేళ్ళు దాటిన పిల్లకి విమానంలో సీటు కొనాల్సిందే. సాధారణంగా పెద్దల ఛార్జీలో ముప్పావు వంతు దాకా పడుతుంది. వీసా ఫీజుతో పాటు ఆ దేశం పర్యాటకుల దగ్గర వసూలు చేసే లెవీ 2024 అక్టోబరు 1 నుంచి 35 డాలర్ల నుంచి 100 డాలర్లకి పెరిగింది. పసిపిల్లలకీ మినహాయింపు లేదు. (ఇక్కడ డాలర్లన్నీ న్యూజిలాండ్‌వే. మేం వెళ్ళినప్పుడు ఒక డాలరు యాభై రూపాయల దగ్గర ఉంది.) మా ముగ్గురికీ లెవీకే పదిహేను వేలయింది. మరోవైపు, అక్కడి పర్యావరణ శాఖ నడిపే క్యాంపుల్లో అయిదేళ్ళలోపు పిల్లలకి రుసుము లేదు.

రోజు లెక్కన పడేదాన్ని నిర్ణయించేది కాలం. అక్కడ డిసెంబరు, జనవరి నడివేసవి. అంటే సంక్రాంతి సెలవులకి వెళ్ళాలనుకుంటే ఏడాదిలో అన్నిటికన్నా ఖరీదైన రోజుల్లో వెళ్తున్నట్టు. మన ఎండాకాలం సెలవులు వాళ్ళకి శరదృతువు. మేం తెప్పించుకున్న కొటేషన్లలో జనవరి అద్దె, ఏప్రిల్ చివరి అద్దెకి రెట్టింపు పైమాటే. అయితే ఏప్రిల్ అంతా ఒకటి కాదు. ఈస్టర్, అక్కడి బడి సెలవులు, ఏప్రిల్ 25న అక్కడి సెలవు దినం ఆన్‌జాక్ డే అన్నీ అందులోనే వస్తాయి. ఆ సెలవుల గుంపు ఇళ్ళకి చేరాక బండి ఎక్కేలా తేదీలు పెట్టుకున్నాం. చలి పెరుగుతుంది, పగలు తగ్గుతుంది. సాయంత్రం ఏడుకల్లా నిద్రకి పడే పిల్లతో వెళ్ళేవాళ్ళకి పగలు తగ్గితే పెద్ద నష్టమేమీ లేదు.

ఇక కిలోమీటరు. న్యూజిలాండ్‌లో బంకు దగ్గర డీజిలు ధర చూస్తే పెట్రోలు కన్నా బాగా చవగ్గా కనిపించింది. కారణం, పెట్రోలు ధరలో రోడ్డు పన్ను కలిసే ఉంటుంది, డీజిలు ధరలో ఉండదు. డీజిలు బండ్లు ఆ పన్నుని తిరిగిన దూరాన్నిబట్టి విడిగా కడతాయి. మేం వెళ్ళేనాటికి మూడున్నర టన్నుల లోపు బండికి వెయ్యి కిలోమీటర్లకి 76 డాలర్లు. అద్దె కంపెనీ ఆ సొమ్ముని బండి అప్పగించేటప్పుడు మీటరు చూసి మన దగ్గర వసూలు చేస్తుంది. నాలుగు పడకల బండి వంద కిలోమీటర్లకి పదమూడు లీటర్ల వరకు తాగుతుందనుకుని, డీజిలు లీటరు 1.85 డాలర్లు వేసి, రోడ్డు పన్ను కలిపితే వందకి దాదాపు 32 డాలర్లయింది. అంటే కిలోమీటరుకి పదహారు రూపాయలు.

ఈ పదహారు తేలాక మ్యాప్ మీద మోజు తగ్గింది. మొదట ఆక్లాండ్‌లో దిగి, వెల్లింగ్టన్ దాకా నడిపి, అక్కడ బండితో సహా ఓడ ఎక్కి పిక్టన్‌లో దిగి, క్రైస్ట్‌చర్చ్‌లో ముగిద్దామనుకున్నాం. ఆ దారిలో పక్కకి ఎక్కడికీ తిరక్కపోయినా డీజిలూ పన్నూ పదహారు వేల దాకా అవుతాయి. ఓడ టికెట్ బండి పొడవునిబట్టి ఉంటుంది కాబట్టి మోటర్‌హోమ్‌కి ఎక్కువ. ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో అప్పగిస్తే దానికి రుసుము. ఇవన్నీ పెట్టి కొనేది ఏమిటంటే, పాప సీటుబెల్టులో కూర్చునే గంటలు. బండిలో బల్ల ఉంది, మంచం ఉంది. కానీ కదులుతున్నప్పుడు పిల్ల ఉండాల్సింది తన సీటులోనే. అక్కడి చట్టం ఏడేళ్ళు నిండేదాకా పిల్లల సీటు తప్పనిసరి చేసింది. రెండు గంటలు దాటితే మా పాప ఓర్పు అయిపోతుంది. గూగుల్ చూపించే సమయం కారుది. ఈ బండికి ఇంకా ఎక్కువే పడుతుంది.

అందుకని ఉత్తర ద్వీపం మొత్తం తీసేశాం. క్వీన్స్‌టౌన్, మిల్ఫర్డ్ సౌండ్ కూడా తీసేశాం. సింగపూర్ మీదుగా నేరుగా క్రైస్ట్‌చర్చ్‌లో దిగి, టెకపో, మౌంట్ కుక్, వానకా, ఓమరూ చుట్టి తిరిగి క్రైస్ట్‌చర్చ్ చేరితే వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. ఒక్కోచోట రెండేసి రాత్రులు. మిల్ఫర్డ్ చూడకుండా వచ్చారా అని బంధువులు అడుగుతూనే ఉన్నారు. క్రైస్ట్‌చర్చ్‌లో మార్గరెట్ మేహీ పార్కు, వానకా సరస్సు ఒడ్డున డైనోసార్ జారుడుబల్ల, ఓమరూలో రేవు పక్కన ఆటస్థలం, వీటిలో దేనికీ టికెట్ లేదు. మా పాపకి న్యూజిలాండ్ అంటే ఇవే.

బండి ఎంచుకోవడంలో అద్దె కన్నా ముందు అడగాల్సింది సీటు గురించి. రెండు పడకల బండ్లలో మామూలుగా ముందు సీట్లు రెండే ఉంటాయి. పెద్దవాటిలోనూ పిల్లల సీటుని వెనకనుంచి బిగించే కొక్కెం అన్నిచోట్లా ఉండదు. పక్కకి తిరిగి ఉన్న సీట్లు పనికిరావు. ఏ సీటుకి కొక్కెం ఉందో కంపెనీ దగ్గర ఈమెయిల్‌లో రాయించుకున్నాకే అడ్వాన్సు కట్టాం. చవగ్గా వచ్చిన పాత మోడల్ ఒకటి ఈ ప్రశ్న దగ్గరే పోయింది. డ్రైవింగ్‌కి మాత్రం ఇబ్బంది లేదు. అక్కడా ఎడమవైపే నడుపుతారు, ఇంగ్లిషులో ఉన్న మన లైసెన్సు చెల్లుతుంది.

ఇద్దరం ఎక్కువసేపు వాదించుకున్నది బీమా మీద. అద్దెలో కలిసివచ్చే బీమాతో సరిపెట్టుకుంటే, ప్రమాదం జరిగితే మొదటి ఏడున్నర వేల డాలర్లు మనవే. ఆ మొత్తాన్ని కంపెనీ ముందే కార్డు మీద బాండుగా తీసుకుంటుంది. రోజుకి యాభై డాలర్ల దగ్గర అదనంగా కడితే ఆ భారం సున్నా అవుతుంది. "జాగ్రత్తగా నడుపుతాను కదా, దండగ" అన్నారు మా ఆయన. దండగే కావచ్చు. కానీ మూడు లక్షల డెబ్బై అయిదు వేలు బాండు పడితే క్రెడిట్ కార్డు పరిమితిలో ముప్పాతిక అక్కడే పోతుంది. పాపకి ఒంట్లో బాగోకపోతే వాడుకోవాల్సింది ఆ పరిమితే. పైగా బాండు ఒక మారకపు రేటులో తీసి ఇంకో రేటులో తిరిగిస్తారు. ఆ తేడా, బ్యాంకు మార్కప్ మనమే భరించాలి. జరిగితే తట్టుకోలేని నష్టానికే బీమా అన్నది మా ఇంట్లో సూత్రం. కట్టేశాం. పూర్తి బీమాలోనూ పైకప్పు కొమ్మకో షెడ్డుకో తగలడం, తప్పు ఇంధనం పోయడం లాంటివి కలవకపోవచ్చు. ఆ పేజీ చదివాకే సంతకం పెట్టాలి.

వైద్యం సంగతి అక్కడ వేరు. ప్రమాదంలో గాయపడితే ఏసీసీ అనే ప్రభుత్వ సంస్థ సందర్శకుల చికిత్స ఖర్చులోనూ సాయం చేస్తుంది. జ్వరానికి, విరేచనాలకి చేయదు. మూడేళ్ళ పిల్లకి వచ్చేవి అవే. అందుకే ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో అనారోగ్యానికి ఎంత, దేశం దాటించాల్సివస్తే ఎంత అన్న రెండు అంకెలు చూసి తీసుకున్నాం.

డబ్బు ఎలా దాటించాలన్నది తర్వాతి లెక్క. మామూలు క్రెడిట్ కార్డు విదేశంలో గీకితే మూడున్నర శాతం మార్కప్, దాని మీద 18 శాతం జీఎస్టీ. కలిపి నాలుగు శాతం పైనే. లక్షకి నాలుగు వేలు. మార్కప్ లేని కార్డు ఒకటి ముందే తీసుకుని అద్దె దానిమీద కట్టాం. మిగతా ఖర్చులకి ఫారెక్స్ కార్డులో నెలనెలా కొంచెం చొప్పున న్యూజిలాండ్ డాలర్లు నింపాం. రేటు తగ్గుతుందని జోస్యం చెప్పడం మా పని కాదు. బుకింగ్ చేసిన రోజునుంచీ మా బాకీ డాలర్లలో ఉంది కాబట్టి కొంత డాలర్లలోనే ఉంచుకున్నాం. అక్కడ కార్డు మెషీన్ రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దనే చెప్పాలి. ఆ సౌకర్యానికి రేటు బాగా వాయిస్తారు.

టీసీఎస్ (అమ్మేవాళ్ళే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా ఉంది. మేం వెళ్ళిన 2025లో విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే పది లక్షల దాకా మొదటి రూపాయి నుంచే 5 శాతం, ఆపైన 20 శాతం పడేది. రిటర్ను వేసినప్పుడు సర్దుకోవచ్చు కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. విమానం, బండి, క్యాంపులు విడివిడిగా బుక్ చేసుకున్నాం కాబట్టి అది మాకు పడలేదు. ఫారెక్స్ కార్డులో నింపేదానికైతే పది లక్షలు దాటితేనే ఆ పన్ను; మేం నింపింది ఆ గీతకి చాలా కింద.

రాత్రి బండి నిలిపేచోటు మూడు రకాలు. కరెంటు, వేడినీళ్ళు, ఉమ్మడి వంటిల్లు, ఆటస్థలం ఉన్న హాలిడే పార్కులు ఒకటి. కరెంటు లేని ప్రభుత్వ క్యాంపులు రెండు. అనుమతి ఉన్న చోట ఊరికే నిలుపుకోవడం మూడు. మూడోది ఉచితమే. కానీ 2023లో వచ్చిన చట్టం తర్వాత దానికి బిగించిన టాయిలెట్, ధ్రువపత్రం ఉన్న బండి కావాలి. కూడని చోట నిలిపితే జరిమానా వందల డాలర్లలో ఉంటుంది. మే నెలలో టెకపో రాత్రులు గడ్డకట్టే చలికి దిగుతాయి. రాత్రంతా హీటర్ నడవాలి. అందుకని కరెంటున్న పార్కులే ఎక్కువగా తీసుకున్నాం. మౌంట్ కుక్ దగ్గర వైట్ హార్స్ హిల్ ప్రభుత్వ క్యాంపు మాత్రం వదులుకోలేదు. దానికి ముందురోజు టెకపోలో బ్యాటరీ నింపుకున్నాం.

తిండిలో మాత్రం ఆదా నిజంగా కనిపించింది. హోటల్లో ఒక పళ్ళెం పాతిక, ముప్పై డాలర్లు. క్రైస్ట్‌చర్చ్‌లో ఇండియన్ షాపులో బియ్యం, కందిపప్పు, పాక్‌ఎన్‌సేవ్ సూపర్‌మార్కెట్లో కూరలు, పాలు, పెరుగు కొనుక్కుని రోజూ ఒక పూట కుక్కరు పెట్టాం. ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళింది కుక్కరు, పొడులే. విమానాశ్రయంలో తినేవస్తువు ఏదున్నా ఫారంలో రాయాలి. రాయకపోతే అక్కడికక్కడే 400 డాలర్లు. ఆ జరిమానాతో పదిహేను పూటల భోజనం వస్తుంది. పొడుల పొట్లం తీసి చూపించాం, చూసి పంపించారు. పాడికి పేరున్న దేశానికి నెయ్యి ఎందుకని అది ఇంట్లోనే వదిలేశాం.

మొత్తం ఖర్చు అయిదున్నర లక్షల దరిదాపు. అందులో విమానానిది అన్నిటికన్నా పెద్ద వాటా. బండి, బీమా రెండో వాటా. ఏడాదిన్నర ముందునుంచి నడిపిన రికరింగ్ డిపాజిట్, ఆ ఏడాది బోనసు కలిపి కట్టాం. రెండేళ్ళలోపు కావాల్సిన డబ్బు కాబట్టి షేర్ల జోలికి పోలేదు. పాప చదువుకి వెళ్ళే సిప్ ఒక్క నెల కూడా ఆపలేదు. ఈఎంఐ మీద విహారం వద్దని ముందే అనుకున్నాం.

"ఆ డబ్బుకి అయిదు తులాలు వచ్చేది కదమ్మాయ్" అన్నారు మా అత్తగారు. ఆ ఏడాది అక్షయ తృతీయ ఏప్రిల్ 30న వచ్చింది. అప్పటికి పది గ్రాముల బంగారం లక్షకి దగ్గర్లో ఉంది. అక్టోబరుకి లక్షా ఇరవై వేలు దాటింది. అంకెల్లో చూస్తే అత్తగారే గెలిచారు. ఈ ప్రయాణాన్ని ఏదో పెట్టుబడి అని చెప్పుకుని ఆవిడ లెక్కని కొట్టేయదలుచుకోలేదు. ఇది ఖర్చు. ఖర్చుకని పక్కన పెట్టిన డబ్బుతో చేసిన ఖర్చు. దాన్ని బంగారంతో పోల్చడం మొదలుపెడితే పెళ్ళి భోజనాలు, పండగ బట్టలు కూడా నిలబడవు.

చిన్నపిల్లతో మోటర్‌హోమ్ వేసుకునేవాళ్ళు నన్నడిగితే చెప్పేది ఇంతే. బడ్జెట్ పొంగినప్పుడు బండి సైజు, హీటరు, బీమా తగ్గించకండి. దారి తగ్గించండి. చూడాల్సిన ఊళ్ళ జాబితాలో ఒకటి కొట్టేస్తే డీజిలు, పన్ను, ఓడ టికెట్, పిల్ల ఏడుపు అన్నీ కలిసి తగ్గుతాయి.

మేం కొత్త ఆర్డీ మొదలుపెట్టాం. ఈసారి అత్తగారు కూడా వస్తానంటున్నారు. లెక్క వేసి చూపించాను: నాలుగో మనిషి వల్ల పెరిగేది విమానం టికెట్, వీసా, లెవీ, క్యాంపులో పెద్దలకి కట్టే రుసుము. బండి అద్దె, డీజిలు పెరగవు. నాలుగో పడక ఎలాగూ ఖాళీగానే ఉంది. ఆవిడ కాగితం అంతా చదివి, తన టికెట్ డబ్బు పెన్షన్‌లోంచి తనే పెట్టుకుంటానన్నారు. గాజుల జోలికి మాత్రం రావద్దన్నారు.