పియుసిలో 95, సీఈటీలో 58

నేను అయిదో తరగతి దాకానే చదివినోణ్ణి. రాతలో తప్పులుంటే మన్నించండి. పోయిన నెల సంచికలో మన బిడ్డల ఫోటోలు, మార్కులు వేసినారు కదా. ఆ పేజీ రెండు మూడు సార్లు చూసినాను. సంతోషమే. కానీ నా మనవరాలి సంగతి రాయాలనిపించింది. ఆ ఫోటోల్లో ఉండే బిడ్డల ఇండ్లల్లో ఇంకో రెండు నెలలకి ఏం జరగొచ్చునో నాకు తెలుసు గనక.

మా నాయిన చాంపియన్ రీఫ్ గనిలో అండర్‌గ్రౌండ్ పని. నన్ను గనికి పోనియ్యలేదు. బెంగుళూరులో ఒక నూలు మిల్లులో బదిలీ డాఫర్‌గా చేర్చినాడు. తరువాత సైడర్ అయినాను. మిల్లు మూసినాక మళ్ళీ రాబర్ట్‌సన్‌పేటకే వచ్చేసినాను. 2001 ఫిబ్రవరి ఆఖరులో గని కూడా మూసేసిరి. ఇప్పుడు మా అల్లుడు తెల్లారుజామున మారికుప్పం రైలెక్కి బెంగుళూరు పోతాడు, రాత్రికి వస్తాడు. మా ఊర్లో సగం మంది బతుకు ఆ రైల్లోనే. ఇట్లాంటి ఇంట్లో ఒక బిడ్డకి మంచి మార్కులు వస్తే జీతం పెరిగినట్టే సంబరం.

2021 జూలై 20న రెండో పియుసి ఫలితాలు వచ్చినాయి. మా మనవరాలికి 600కి 570. నేను అంగడికి పోయి మైసూరుపాకు తెచ్చి మా వీధి వీధంతా పంచినాను. పక్కింట్లో ఉండేవాడు నాతో పాటు ఒకే షిఫ్టులో పదకొండేండ్లు పని చేసిన మనిషి. వాళ్ళింటికి రెండు పొట్లాలు ఇచ్చినాను. "మా అమ్మణ్ణి ఇంజినీరు అయినట్టే" అని నోరారా చెప్పుకున్నాను.

ఆ ఏడు కరోనా వల్ల రెండో పియుసి పరీక్షలే జరగలేదని మీకు జ్ఞాపకం ఉంటుంది. పదో తరగతి మార్కుల నించి 45 శాతం, మొదటి పియుసి నించి 45 శాతం, రెండో పియుసిలో కాలేజీ వాళ్ళు వేసింది 10 శాతం, ఇవి కూడి మార్కులు ఇచ్చినారు. రాష్ట్రంలో అందరూ పాసు. 600కి 600 వచ్చినోళ్ళే 2 వేలకు పైన. నాకు ఇదేమీ అప్పుడు తెలీదు. కార్డులో 570 అని ఉండాది, అంతే.

ఆగస్టు నెలాఖరులో సీఈటీ జరిగింది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, ఒక్కోదాంట్లో 60 ప్రశ్నలు, మొత్తం 180. మా పాపకి 58 వచ్చినాయి. ర్యాంకు లక్ష దాటి ఎక్కడికో పోయింది. ఆ ఏడు ఇంజినీరింగుకి పియుసి మార్కులు లెక్కలోకి తీసుకోలేదు, సీఈటీ ఒక్కటే.

ఆ రాత్రి నేను ఒక మాట అన్నాను. "కరోనా పేరు చెప్పి ధర్మానికి ఇచ్చిన మార్కులు. అవి నిజమనుకొని ఊరంతా మిఠాయి పంచి నవ్వులపాలైనాను" అని. పాప తలొంచుకొని ముద్ద తింటా ఉండె. తట్ట పక్కకి జరిపి లేచిపోయింది. నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మా ఇంటామె మాత్రం బాగా మాట్లాడింది, నాకు చీవాట్లు పెట్టేదానికి.

తరువాత ఒక రోజు పాపే వచ్చి కూర్చొనింది. మార్క్స్ కార్డులన్నీ తెచ్చి నా ముందర పరిచింది. "తాతా, 2019లో పదో తరగతి పరీక్ష నేను హాల్లో కూర్చొని రాసిందే కదా. మొదటి పియుసి పరీక్ష కరోనాకి ముందర రాసిందే కదా. నూటికి తొంభై వంతులు నేను రాసి తెచ్చుకున్న మార్కులే. ధర్మం ఎక్కడుండాది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మరి 58 ఎందుకు వచ్చింది? అదీ పాపే చెప్పింది. రెండో పియుసి ఏడాది చానా భాగం ఫోన్లోనే పాఠాలు. ఫోను మా అల్లుడిది ఒక్కటే. ఆయప్ప డ్యూటీలో ఉంటే పాపకి పాఠం లేదు. సీఈటీలో ఆ ఏడాది పాఠాలూ అడుగుతారు. ఇంకోటి, పదో తరగతి దాకా పాప కన్నడ మీడియం. పియుసి సైన్సు ఇంగ్లీషు. ఇంట్లో మాట తెలుగు. "ప్రశ్న చదివి అర్థం చేసుకునేకే నాకు నిముషం అయిపోతుంది తాతా" అనింది. 60 ప్రశ్నలకి 80 నిముషాలు ఇస్తారు. అంటే ఒక్కో ప్రశ్నకి నిముషం 20 సెకన్లు. పియుసి పరీక్ష అట్ల కాదు. అప్పట్లో మూడు గంటల పైన టైము ఉండె, ఇంత రాస్తే ఇంత అని మెట్టు మెట్టుకీ మార్కులు. ఫిజిక్సులో 30 మార్కులు ప్రాక్టికల్స్‌వి. బాగా చదివి, ఒబ్బిడిగా రాసే బిడ్డకి అక్కడ మార్కులు వస్తాయి. సీఈటీలో నాలుగింట్లో ఒకదానికి గుండు నల్లగా దిద్దాల. సగం దాకా లెక్క సరిగా చేసినా దానికి ఏమీ రాదు.

మిల్లులో పని చేసినోళ్ళకి నేను చెప్పేది సులువుగా తెలుస్తుంది. నూలు కౌంటు చూసేదానికి ర్యాప్ రీల్ మీద 120 గజాలు చుట్టి లీ తీసి తూకం వేస్తారు. అదే లీని కొక్కీలకి తగిలించి ఎన్ని పౌన్లకి తెగుతుందో చూస్తారు. కౌంటు సరిగ్గా ఉండి, బలం తక్కువ వచ్చే నూలు ఎంత చూడలేదు మనం? అప్పుడు కౌంటు అబద్ధం అని ఎవరైనా అంటారా? రెండు పరీక్షలూ వేరే వేరే. ఇంకా, టెస్టింగ్ రూములో తేమ ఒకే మాదిరి ఉంచుతారు. ఎండుగాలిలో అదే నూలు తొందరగా తెగుతుంది గనక. ఇంట్లో ఫోను లేని బిడ్డనీ, లక్షలు కట్టి కోచింగుకి పోయిన బిడ్డనీ ఒకే హాల్లో కూర్చోబెడితే తేమ సమానమైనట్టేనా?

పాప ఇంకో ఏడు చదివి మళ్ళీ రాస్తానంది. కోచింగుకి దుడ్లు లేవు. తెలిసిన లెక్చరర్ ఒకాయన పాత సీఈటీ పేపర్లు జెరాక్సు తీసి ఇచ్చినాడు. నేను చేసింది ఒక్కటే. మిల్లు నించి వచ్చేటప్పుడు మన వాళ్ళు నాకు ఇచ్చిన గోడగడియారం పాప బల్ల ఎదురుగా తగిలించి, 80 నిముషాలు కాగానే పేపరు గుంజుకునేవాణ్ణి. మొదట్లో 35 ప్రశ్నల దగ్గరే నిలిచిపోయేది. ఒక లెక్క పట్టుకుంటే వదలదు. అప్పుడు చెప్పినాను. "అమ్మణ్ణీ, ఫ్రేములో ఒక పోగు అతుకు పడలేదని అక్కడే నిలబడితే వెనక పది పోగులు తెగిపోతాయి. దాన్ని వదిలి ముందుకు నడువు. మళ్ళీ రౌండులో చూసుకో." అది మాత్రం బాగా పట్టుకునింది. తప్పు జవాబుకి సీఈటీలో మార్కు కోసెయ్యరు గనక, ఆఖరి రెండు నిముషాల్లో ఏ గుండూ ఖాళీ పెట్టొద్దని లెక్చరర్ చెప్పినాడు.

2022 జూన్‌లో రాసింది. ఈసారి 81. ఇంత పెరిగినా జూలై 30న వచ్చిన ర్యాంకు మళ్ళీ లక్ష పైనే. మాకు దిక్కు తెలీలేదు. ఆ ఏడు పాత పద్ధతి తిరిగి వచ్చింది. పియుసి మార్కులు సగం, సీఈటీ సగం. కానీ 2021లో పాసై మళ్ళీ రాసినోళ్ళకి ఆ సగం ఇవ్వలేదు, మీకు సీఈటీ ఒక్కటే అన్నారు. రాష్ట్రంలో అట్లాంటి బిడ్డలు 24 వేల మంది. పరీక్ష రాయకుండా వచ్చిన మార్కులు లెక్కకి రావని వాళ్ళ వాదన. నేను పాపని అనిన మాటే అది! ఆ మాట పేపర్లో చదివితే నా చెంప నేనే కొట్టుకోవాలనిపించింది.

పిల్లలు హైకోర్టుకి పోయినారు. సెప్టెంబరు మొదట్లో ఒక న్యాయమూర్తి ఆ పియుసి మార్కులు కలపాలన్నారు. ప్రభుత్వం అప్పీలుకి పోయింది. ఆఖరికి నెలాఖరులో ఒక మధ్యమార్గం కుదిరింది. 2021 మార్కుల్లో సబ్జెక్టుకి సగటున ఆరు మార్కులు తగ్గించి, మిగిలింది కలిపేది. అక్టోబరు 1న కొత్త ర్యాంకులు వచ్చినాయి. మా పాప 50 వేల లోపలికి వచ్చింది.

ఇంతటితో కథ అయిపోయుంటే నేను రాసే పని లేదు.

పక్కింటి నా స్నేహితుని కొడుకు 2022లో మొదటిసారి రాసినాడు. వాడు పియుసి పరీక్ష హాల్లో రాసి పాసైనాడు. ఈ 24 వేల మంది లోపలికి వచ్చేసరికి వాని ర్యాంకు వేలల్లో వెనక్కి జరిగింది. కంప్యూటర్ సైన్సు వస్తుందనుకున్నోడికి సివిల్ వచ్చింది. మా పాపకి ఎలక్ట్రానిక్స్ దొరికింది. ఈసారి నేను మిఠాయి తేలేదు. ఆయప్పే వచ్చి వాకిట్లో నిలబడి, "అన్నా, నా కొడుకు రెండో పియుసి హాల్లో కూర్చొని రాసినాడు. నీ మనవరాలు ఇంట్లో కూర్చొని తెచ్చుకునింది. న్యాయమేనా?" అన్నాడు. పదో తరగతి 45, మొదటి పియుసి 45 అని లెక్క చెప్పబోయినాను. "రెండో పియుసి లెక్కలు ఆ పాప ఎప్పుడు రాసింది, చెప్పు" అన్నాడు. అదీ నిజమే. రాయలేదు. రాసుంటే 570 వచ్చుండునో, 540 వచ్చుండునో నాకు తెలీదు. ఆరు మార్కులు కోసింది సరిపోతుందని పాప తరఫున నేను అనుకుంటాను. వాని తండ్రిగా ఆయప్ప అనుకోడు. ఎనిమిది నెలలు మా రెండిండ్ల మధ్య కూరగిన్నె నడవలేదు.

మా చెల్లెలు కుప్పంలో ఉండాది, మా వదిన వాళ్ళు వేలూరు పక్క. కేజీఎఫ్ మూడు రాష్ట్రాల మూల కదా. ఒకసారి పెండ్లిలో అందరూ కలిసినప్పుడు ఈ మాట వచ్చింది. ఇంజినీరింగుకి మనకి సగం సగం. ఆంధ్రాలో ఇంటర్ మార్కులకి 25, ప్రవేశపరీక్షకి 75. తమిళనాడులో 2007 నించి ప్రవేశపరీక్షే లేదు, ప్లస్ టూ మార్కులే. మా పాప వేలూరులో పుట్టుంటే గెట్టి బిడ్డ, కుప్పంలో పుట్టుంటే వెనకబడిన బిడ్డ, ఇక్కడ నడిమధ్య. అదే తల, అదే పాప. డాక్టరు చదువుకయితే ఎక్కడైనా నీట్ ఒక్కటే, పియుసిలో ఎంత వచ్చినా ర్యాంకుకి లెక్కలేదు. మన ఫోటోల పేజీలో డాక్టరు కావాలని రాసిన బిడ్డల తల్లిదండ్రులు ఇది ఇప్పుడే తెలుసుకోవాల. మార్కులు పంచుకునేటప్పుడు పంచుకోండి, తప్పు లేదు. ర్యాంకు వచ్చిన రాత్రి మాత్రం నేను అనిన మాట అనొద్దండి.

పాపకి నేను నేరుగా క్షమాపణ చెప్పలేదు. తాత నోట అట్లాంటి మాట రాదు. కాలేజీలో చేరిన రోజు బస్సు దాకా సంచి మోసుకొని పోయినాను. "ధర్మం సీటు కాదు కదా తాతా?" అని నవ్వింది. నేను బస్సు నంబరు చూస్తా ఉన్నట్టు తల తిప్పుకున్నాను.

ఇప్పుడు పక్కింటాయన చిన్నకూతురు రెండో పియుసిలో ఉండాది. పోయిన నెలలో ఆయప్పే పిలుచుకొని వచ్చినాడు. ఎక్కువ మాట్లాడలేదు. "మీ గడియారం కింద కూర్చోబెట్టుకో అన్నా" అన్నాడు. ఆదివారాలు మా పాప పేపరు ఇస్తుంది, నేను టైము చూస్తాను. పోయిన వారం ఆ బిడ్డ 60లో 44 ప్రశ్నల దాకా పోయింది. గడియారం రెండు నిముషాలు వెనక నడుస్తా ఉండాది, రిపేరుకి ఇయ్యాల.