రేకు మాట్లాడుతుందని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు

నాకు నలభై ఆరేళ్లు. ఇనుము గురించి తెలియాల్సిందంతా తెలుసనే అనుకుంటూ వచ్చాను. ఇనుము గట్టిది, నీళ్లు తగిలితే తుప్పు పడుతుంది, తుప్పు పట్టాక పాత సామాన్ల బండికి కిలోల లెక్కన పోతుంది. ఇంతకంటే ఏముంటుంది! మొన్న ఎండాకాలంలో సురంగల్‌లో ఒక జీపుల షెడ్డులో ఒక్క మధ్యాహ్నం ఈ మూడు ముక్కలూ తలకిందులయ్యాయి. అప్పటి నుంచి కనబడ్డ ప్రతివాణ్నీ నిలబెట్టి ఇదే చెబుతున్నాను. నేను ‘రేకు’ అనగానే మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోతోంది. అందుకని మీ మీద పడ్డాను.

జీపు మా పెదనాన్నది. మహీంద్రా సీజే త్రీ బీ. బానెట్టు మామూలు జీపుల కంటే ఒక మెట్టు ఎత్తుగా, ముక్కు ఎగరేసినట్టు ఉంటుంది. అమెరికాలో విల్లీస్ వాళ్లు 1953లో దీన్ని తెచ్చినప్పుడు లోపల పెట్టిన కొత్త ఇంజిన్ ఎత్తు ఎక్కువైంది, దాని నెత్తికి తగలకుండా బానెట్టు లేపారు, అంతే. ఆ అవసరమే తర్వాత అందమైంది. అక్కడ 1968లో దీని తయారీ ఆపేశారు. మన దేశంలో మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పుడుతూనే ఉంది. అందుకే ఈ ఎత్తు బానెట్టు చూస్తే మనవాళ్లకు అమెరికా గుర్తుకు రాదు, తాలూకాఫీసు గుర్తొస్తుంది.

ఇక్కడో మాట. ఈ కంపెనీ 1945లో మొదలైనప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహీంద్రా కాదు, మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్ గులాం మొహమ్మద్, అంతకు ముందు మన హైదరాబాదులోనే నిజాం ప్రభుత్వంలో ఆర్థిక శాఖ చూసినాయన. దేశ విభజనతో పాకిస్తాన్ వెళ్లి, ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి, ఆపైన గవర్నర్ జనరల్ అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మారింది. మా పెదనాన్న జీపు వంశవృక్షంలో ఒక కొమ్మ హైదరాబాదుదేనని తెలిశాక నాకు దాని మీద మమకారం రెండింతలైంది. సరే, అసలు సంగతికొస్తాను.

పెదనాన్న పోయాక జీపు చేవెళ్ల దగ్గర పొలంలో, వేపచెట్టు కింద పదకొండేళ్లు నిలబడింది. రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. మధ్యలో ఎవరితోనో ‘చిన్న డెంటింగు, పెయింటింగు’ చేయించారట. బీజాపూర్ రోడ్డు మీద, ఆ మర్రిచెట్ల నీడల్లోంచి ట్రాలీ మీద మొయినాబాద్ వైపు తెస్తుంటే దారిన పోయేవాళ్లు బండ్లు ఆపి ఫొటోలు తీసుకున్నారు. నా ఛాతీ గజమైంది. కాస్త సర్వీసింగు చేయిస్తే దసరాకు వికారాబాద్ కొండలెక్కించవచ్చు అనుకున్నాను.

సురంగల్‌లో ఆ షెడ్డు గురించి ఒక స్నేహితుడు చెప్పాడు. రేకుల పైకప్పు, ముందు చింతచెట్టు, లోపల సగం ఒలిచిన మూడు జీపులు. షెడ్డు నడిపే ఉస్తాద్‌ది కమ్మరి ఇల్లు. తాత నాగళ్లకు కర్రులు సాగదీశాడు, తండ్రి ఎడ్లబండ్లకు పట్టాలెక్కించాడు, ఈయన జీపులు బాగు చేస్తున్నాడు. ఆయన జీపు చుట్టూ ఒకసారి తిరిగి, జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. బానెట్టుకు పెడితే టక్కున అంటుకుంది. డ్రైవరు పక్క తలుపు కింద, మెట్టు మీద పెడితే జారి కిందపడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది.

“సారూ, గిది రేకు కాదు, పుట్టీ. మీ పెద్దనాయన జీపుకు ఎవడో పౌడర్ కొట్టి పంపిండు.”

ఆ తర్వాత ఆయన చేసిన పని చూసి నోరు తెరిచినవాణ్ని ఇప్పటికీ మూయలేదు. పావుకిలో సుత్తి తీసుకుని, జీపు ఒళ్లంతా బెత్తెడు బెత్తెడు దూరంలో మెల్లగా తడుతూ పోయాడు. టింగ్, టింగ్, టింగ్, డబ్. అక్కడ సుద్దముక్కతో గీత. టింగ్, టింగ్, డబ్, డబ్, చప్. అక్కడ గుండ్రం. కళ్లు కూడా అటు లేవు, ఎటో చూస్తున్నాడు, చెవి మాత్రం రేకు మీదుంది. కుండలు కొనేటప్పుడు వేలితో కొట్టి చూసే మా అమ్మ గుర్తొచ్చింది. పావుగంటలో నా జీపు మీద తుప్పు పటం తయారైంది.

“ఏడ బతికుందో ఏడ సచ్చిందో చప్పుడే చెప్తది” అని సుత్తి నా చేతిలో పెట్టాడు. నేనూ కొట్టాను. నాకూ వినబడింది! మంచి రేకు గంటలా పలుకుతుంది. లోపల జంగు, అంటే తుప్పు, తిన్న రేకు తడి అట్టలా మూలుగుతుంది. అదేం విద్య కాదు, చెవి ఉంటే చాలు, నలభై ఆరేళ్లలో ఎవరూ వినమనలేదు, అంతే.

పుట్టీ గీకితే తెలిసింది అసలు కథ. ఈ జీపులో డ్రైవరు సీటు కిందే పెట్రోలు ట్యాంకు. దాన్ని పెట్టే గుంటలో మట్టి చేరుతుంది. మట్టి తడిని పట్టుకుని కూర్చుంటుంది, ఎండొచ్చినా వదలదు. అడుగు రేకు కింద బలానికి వేసిన దోనెల్లాంటి కడ్డీలున్నాయి, వాటిలోనూ అంతే. బయటి నుంచి వాన తిన్న చోటు కాదు, లోపల మట్టి దాచుకున్న చోటే పోయింది. పైగా ఇనుము జంగుగా మారేటప్పుడు రెండింతల నుంచి ఆరింతల దాకా ఉబ్బుతుందట. రెండు రేకులు కలిసే అతుకులో జంగు పుట్టిందంటే, అది పెరుగుతూ రెండింటినీ మేకులా చీల్చేస్తుంది. అతుకులో పుట్టి కాపురం విడగొట్టేదన్న మాట. ఈ పోలిక ఆయనది కాదు, నాది. విని ఆయన నవ్వలేదు.

ముందు ట్యాంకు విప్పి బయట చెట్టు కింద పెట్టించాడు, బ్యాటరీ తీగలు తీయించాడు, అప్పుడు గ్రైండర్ ముట్టుకున్నాడు. జంగు ఉన్నంత మేరే కోస్తాడనుకున్నాను. కాదు, దాని చుట్టూ రెండు వేళ్ల మందం మంచి రేకు కూడా కోసి పారేశాడు. నా ప్రాణం విలవిల్లాడింది. “కోసుడు కాడ పీనాసితనం జేస్తే రెండేండ్లల్ల మల్ల నా కాడికే వస్తవు సారూ.” కోసిన గుంటకు నాలుగు మూలలూ గుండ్రంగా ఉండాలి. మూల కోసుగా ఉంటే గతుకుల్లో బరువంతా అక్కడ చేరి పగులు పుడుతుంది. తర్వాత స్వీట్ల డబ్బా అట్ట చించి గుంట మీద పెట్టి, అంచు వెంబడి బొటనవేలితో నొక్కి కొలత తీశాడు. ఆ అట్టను 18 గేజి రేకు మీద పరిచి గీత గీశాడు. 18 గేజి అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు. రవికె ముక్క కత్తిరించే దర్జీ పని, అచ్చంగా అదే. పాత రేకు మీద కొత్తది పరిచి అతికించడం సులువే, కానీ ఆ రెండింటి మధ్య మళ్లీ తడి, మళ్లీ జంగు. అందుకే అంచుకు అంచు కలపాలి.

అతికే దగ్గర నేను వేలు పెట్టాను. సీఓటూ వెల్డింగు గన్ను చేతికిచ్చి, “టాకాలు ఏయ్, ఒకటీడ, ఒకటాడ, నడుమ సల్లారనియ్యి” అన్నాడు. నాలుగైదు టాకాలు, అంటే చుక్కల్లాంటి అతుకులు, వేశాను. బాగానే వచ్చాయి. ఆయన చాయ్ తాగడానికి పోయాడు. ఇక ఆపేదెవరు? ఈ చివర నుంచి ఆ చివర దాకా జానెడు మేర ఒకే గీతగా లాగించాను. ముత్యాల సరంలా వచ్చింది. మురిసిపోయాను. గన్ను కింద పెట్టేసరికి రేకు మధ్యలో బొజ్జ లేచింది. వేలితో నొక్కితే లోపలికి, వదిలితే బయటికి, పాత డబ్బా మూతలా టప్పు టప్పు మంటోంది. పలచటి రేకుకు అంత వేడి ఒకే చోట ఇస్తే సాగుతుంది, సాగింది పోవడానికి చోటు లేక ఉబ్బుతుంది.

తిడతాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగింది. “మంచిగైంది, ఇప్పుడొకటి సూపిస్త.”

గ్యాసు మంట తెచ్చి బొజ్జ నడిమధ్యన రూపాయి బిళ్లంత మేర చెర్రీపండులా ఎర్రబడేదాకా కాల్చాడు. వెనక డాలీ అనే ఇనుప దిమ్మె ఆనించి, ముందు నుంచి సుత్తితో ఆ ఎర్రటి చుక్క చుట్టూ నాలుగు దెబ్బలు, బిడ్డను జోకొట్టినంత మెల్లగా. వెంటనే తడి గుడ్డ అదిమాడు. చుస్స్. పొగ తేలిపోయాక వేలితో నొక్కాను. టప్పు లేదు. బొజ్జ లేదు. రేకు బిగుసుకుని ఉంది, డప్పు చర్మంలా.

నమ్మలేదు నేను. వేడి పెడితే సాగుతుందని ఇప్పుడే కదా చూశాను, అదే వేడి ఎలా కుదిస్తుంది? ఆయన చెప్పిన జవాబు నాకు ఏ బడిలోనూ దొరకలేదు. ఎర్రబడ్డ చుక్క సాగాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లటి రేకు సాగనివ్వదు, గత్యంతరం లేక అది తనలో తనే లావెక్కుతుంది. చల్లారేటప్పుడు లోపలికి లాక్కుంటుంది, ఆ లాగుడుతో పక్కన వదులైన రేకంతా బిగుస్తుంది. “మా నాయిన బండి చక్రానికి పట్టా ఎక్కియ్యంగ సూడలేదా?” చూశాను! చిన్నప్పుడు చూశాను! చక్రం కంటే కాస్త చిన్నదిగా చేసిన ఇనుప పట్టాను పిడకల మంటలో కాల్చి, సాగినప్పుడు కొయ్య చక్రానికి తొడిగి, బిందెలతో నీళ్లు గుమ్మరిస్తే కెవ్వుమని అరిచి బిగుసుకుపోయేది. ఆ పొగలో, ఆ అరుపులో కేరింతలు కొట్టిన పిల్లల్లో నేనూ ఒకణ్ని. ఆ లాగుడే ఇక్కడా పనిచేస్తోంది, ఎడ్లబండికీ జీపుకూ. ఈయన తండ్రి విద్య చేతిలోంచి ఎక్కడికీ పోలేదు, చక్రం మీంచి తలుపు మీదికి మారింది.

రెండో అద్భుతం ఒక సీసాలో ఉంది. కోయనక్కర్లేని చోట, అంటే పైపైన జంగు పట్టి లోపల రేకు గట్టిగా ఉన్న చోట, వైరు బ్రష్షుతో పొట్టు రాలగొట్టి, జంగును మార్చే మందు పూశాడు. ఎర్రటి చోటు చూస్తుండగానే ఊదా రంగుకు తిరిగి, గంటలో నల్లబడి గట్టి పొరైంది. సీసా మీద చదివితే టానిక్ ఆమ్లం అని ఉంది. ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. ఇంటికెళ్లేదాకా తట్టలేదు. కరక్కాయ! శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్లు తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వారాల తరబడి ఊరబెడతారు. ఆ నీటిని కరక్కాయలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద కలంతో పెట్టగానే నల్లటి గీత పడుతుంది. కరక్కాయలో ఉన్నది ఆ టానిన్లే. ఇనుముకూ వగరుకూ సంబంధం కుదిరితే నలుపు పుడుతుంది. అద్దకం వాళ్లకు అది రాముడి మీద గీత, ఉస్తాద్‌కు జీపు అడుగున కవచం.

మరుసటి వారం కరక్కాయలు దంచి నానబెట్టి ఆ నీళ్లు పట్టుకెళ్లాను. కోసి పారేసిన తుప్పు ముక్క మీద పోశాను. నల్లబడింది! షెడ్డులో కుర్రాళ్లు నలుగురూ పనాపి వచ్చి చూశారు. ఉస్తాద్ కూడా వంగి చూసి, వేలితో రాసి, వాసన చూసి, “బాగనే ఉంది గని, బండికి మాత్రం సీసల మందే ఏద్దాం సారూ” అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. కరక్కాయ నీళ్లు ఆట వరకే.

పుట్టీ అసలే వాడరని కాదు. సుత్తి, డాలీ చేయగలిగినంత చేశాక, అరచేయి పెట్టి తడిమితేనే తెలిసే ఎత్తుపల్లాలకు పలచటి పూత, అన్నానికి నెయ్యి వేసినంత. మా జీపు మెట్టు మీద అంగుళం మందం పుట్టీ కింద గోనెగుడ్డ, దాని కింద వార్తాపత్రిక దొరికాయి. అది ఎవరి పనో తెలియదు, తెలిసినా చెప్పను. పత్రికలో క్రికెట్ వార్త ఉంది, దాచుకున్నాను.

ఇంకో సంగతి, చాలా ముఖ్యం. రుద్ది తెల్లగా చేసిన రేకును రాత్రంతా అలా వదిలేయకూడదు. నేనొకసారి వదిలాను. ఆ రాత్రి నాలుగు చినుకులు పడ్డాయి, పొద్దునకు రేకంతా పసుపు రాసినట్టు పలచగా జంగు. మళ్లీ మొదటి నుంచి రుద్దుడే. రుద్దిన రోజే ప్రైమర్ పడాలి, అతుకుల్లో సీలర్ నిండాలి, అడుగున దళసరి నల్ల పూత పడాలి.

కొత్త బాడీ మొత్తం తెచ్చి బిగించుకోవచ్చు కదా, ఇంత అవస్థ ఎందుకు అని మా బావమరిది అడిగాడు. దొరుకుతుంది, నిజమే. కానీ పెదనాన్న కుడిచేయి ఆనించి ఆనించి నున్నబడ్డ తలుపు అంచు కొత్త బాడీకి రాదు కదా. అది టింగ్‌మంటోంది, నేను కొట్టి చూశాను.

ఇప్పటికి అడుగు రేకు, రెండు మెట్లు, ట్యాంకు గుంట, వెనక పలక అయ్యాయి. పనిముట్ల పెట్టె కింద చోటు మిగిలింది. ఈ ఆదివారం పొద్దున్నే సురంగల్ వెళుతున్నాను. మీ ఇంట్లో, మీ తాతగారి పొలంలో ఇలాంటి జీపు ఎక్కడైనా నిలబడి ఉంటే, ఈ వానలు ముదరక ముందే ఒక్క పని చేయండి. దాని కింద పడుకుని చూడండి, అడుగు రేకులో నీళ్లు కారడానికి వదిలిన చిల్లులుంటాయి, వాటిలో మట్టి గడ్డకట్టి ఉంటుంది. ఒక పుల్లతో పొడిచి తీసేయండి.