అవ్వ తాళాల గుత్తిలో ఒక కడియం

బాతుల వేట సంగతి మా ఇంట్లో పిల్లల ముందర ఎత్తరు. ఈ సంక్రాంతికి ఎత్తక తప్పలేదు.

బాగేపల్లి దగ్గర మా ఊరి చెరువు కింద ఒకప్పుడు వరి మళ్ళుండేవి. ఇప్పటి పిల్లలు అక్కడ టమోటా, మల్బరీ తప్ప వేరే పంట చూడలేదు. కోతలయ్యాక రాలిన గింజల కోసం బాతుకోళ్ళు మడికి దిగేవి. పగలంతా నీళ్ళ నడుమ కునుకుతీసి, చీకటి పడ్డాక మేతకు లేస్తాయి. చలికాలంలో ఉత్తరం నుంచి వలసొచ్చినవీ వాటితో కలిసేవి. అవి ఏ గెనిమ సందున నడిచి లోపలికొస్తాయో తాతకు తెలుసు. గుర్రపు వెంట్రుకలతో పేనిన ఉచ్చులు, తర్వాతి రోజుల్లో తంగూసువి, పొడుగు తాడుకు వరసగా కట్టి, రెండు కొసలా గూటాలు దిగగొట్టి వచ్చేవాడు. ఉచ్చు నీటిమీద బెత్తెడు ఎత్తున నిలవాలి. ఎక్కువైతే కిందనుంచి దూరిపోతాయి, తక్కువైతే తొక్కుకుని పోతాయి. కోడి కూయకముందే నాయనను లేపుకుని పోయేవాడు. నక్క ముందు చేరితే ఈకలే మిగిలేది.

కోడి అంటే గుర్తొచ్చింది. చెరువు నిండి పొర్లితే మా వైపు "కోడి పోయింది" అంటారు, అది కన్నడం మాట. కన్నడం బడిలో చదివిన మాకు అందులో వింతేమీ లేదు. అనంతపురం చుట్టాలు మాత్రం "ఎవరి కోడి పోయింది?" అని నవ్వుతారు. వాళ్ళకది మరవ పారడం.

తెచ్చిన బాతును అవ్వ తోలు ఒలిచేదాకా పొయ్యి మీద పెట్టేది కాదు, తోలుతో వండితే బురద వాసన. మిరియాలు, వెల్లుల్లి దండిగా నూరి చేసి, సంగటిలోకి పెట్టేది.

చేతిలో కాసు లేని నెలల్లో అదే కూర, సరదా వేట కాదు అని చెప్పుకుంటాం. అది సగమే నిజం. చేతినిండా ఉన్నప్పుడూ తాత మానలేదు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. మొదట్లో లైసెన్సుతో వేటకు దారుండేది, 1991 సవరణతో అదీ పోయింది. తాతకు లైసెన్సనేదే లేదు. ఆయన మానింది చట్టానికి జడిసి కాదు, చెరువెండి మడి బీడైనందుకు.

సంక్రాంతికి అవ్వ పెట్టె సర్దుతుంటే తాళాల గుత్తి దొరికింది. దానికొక చిన్న అల్యూమినియం కడియం. "ఇదేంది తాతా?" అని పాప నాయన్ను అడిగింది. నాయన చాలాసేపు పలకలేదు. ఆయన ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఉచ్చులో పడిన బాతు కాలిదంట. తాత ఊడదీసి అవ్వకిచ్చినాడు, బాతు కూరైంది. దానిమీది ఇంగ్లీషు చదివేవాళ్ళు ఇంట్లో లేరు.

ఫోన్లో పెద్దది చేసి చూసినాం. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి తెలపమని ఉంది, పక్కన అంకెలు. 1883లో మొదలైన ఆ సంస్థ, 1960లలో సలీం అలీ ముందుండగా వేల పక్షులకు ఇట్లా కడియాలు తొడిగింది, రాజస్థాన్ భరత్‌పూర్‌లో బాతులకు కూడా. దొరికినవాళ్ళు అంకె, చోటు, తేదీ రాసి పంపితే ఆ పక్షి ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. మేము దానికి బియ్యంపెట్టె తాళం తగిలించుకున్నాం.

ఇప్పుడు చింతామణి వైపు చెరువులకు కె.సి. వ్యాలీ నీళ్ళు, చిక్కబళ్ళాపురం కందవార చెరువుకు హెచ్.ఎన్. వ్యాలీ నీళ్ళు, రెండూ బెంగళూరు వాడి వదిలేసి శుద్ధి చేసి పంపినవే. కందవార కట్టమీదికి పోతే పిల్లలు బాతుల్ని లెక్కపెడతారు. నాయన లెక్కపెట్టడు. పొద్దుగూకినాక అవి ఏ దిక్కుకు లేస్తాయో చూస్తాడు.

బొంబాయికి రాయాలా వద్దా అని ఇంట్లో రెండు రోజులు వాదన. కేసు గీసు అవుతుందేమో, చెరువు కట్టమీద దొరికిందని రాద్దామన్నాం.

"వద్దు," అన్నాడు నాయన. "ఉచ్చులో పడిందని రాయండి. ఏ మడో నేను చెప్తా. ఏడాది గుర్తు లేదు. కోతలైపోయింటాయి."

అంకెల్లో చివరి రెండు అరిగిపోయున్నాయి. కనబడినంత వరకు రాసుకున్నాం.