కాపడం, ఐసు: ముందు చూడాల్సింది స్పర్శ

చీలమండ బెణికిన మొదటి రెండు మూడు రోజులు ఐసు పనికొస్తుంది. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, నొప్పి మొద్దుబారుతుంది. నేరుగా చర్మంపై పెట్టకుండా తడిగుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఉంచితే చాలు. అయితే ఐసు నొప్పి తగ్గిస్తుందే తప్ప గాయాన్ని మాన్పదు. 1978లో విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అన్న సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్, ఐసు మానడాన్ని ఆలస్యం చేయవచ్చంటూ తర్వాత తన మాట తానే సవరించుకున్నారు.

పాత నడుంనొప్పికి, పట్టేసిన మెడకు కాపడం మేలు. క్లినిక్‌లో హాట్ ప్యాక్‌ను 70 డిగ్రీలు దాటిన నీటిలోంచి తీస్తారు కాబట్టి మధ్యలో ఆరు నుంచి ఎనిమిది పొరల తువ్వాలు తప్పనిసరి. కొత్త వాపు మీద, పచ్చిపుండు మీద, రక్తం గడ్డకట్టిన కాలికి కాపడం కూడదు.

అసలు ప్రమాదం షుగరు వల్ల స్పర్శ తగ్గిన పాదాలకు. కాలుతున్నా తెలియదు, బొబ్బ లేచాకే కనిపిస్తుంది, ఆ పుండు ఓ పట్టాన మానదు. అందుకే చికిత్సకు ముందు వేడినీళ్లు, చన్నీళ్లు నింపిన గాజు గొట్టాలను మార్చి మార్చి తాకించి, రోగి కళ్లు మూసుకుని తేడా చెప్పగలుగుతున్నారో లేదో చూడాలి. ఫిజియోథెరపిస్టు ఎంత రద్దీలోనూ వదలకూడని పని ఇది. ఇంట్లోనైతే హీటింగ్ ప్యాడ్ మీద నిద్రపోవడం, నొప్పి బామ్ రాసిన చోటే కాపడం పెట్టడం చర్మాన్ని కాలుస్తాయి.