నూరు మీటర్లు, నూటపదహార్లు

ఈ సంచికకు క్రీడలనుగూర్చి యేదైన వ్రాసి పంపవలసినదని సంపాదకులు నాకు జాబు వ్రాసిరి. నాకు తెలిసిన ఆట యొక్కటే, అది పరుగు. అందునను నేను ప్రథముడనైన దినములు మిక్కిలి తక్కువ. అయినను రెండవవాడు మొదటివాని వీపును జూచినంత శ్రద్ధగా దానిని మరెవ్వరును జూడరు. కావున పోటీనిగూర్చియు, పందెపు సొమ్మునుగూర్చియు నాలుగు మాటలు వ్రాయుటకు నాకు కొంత యధికారము గలదనియే తలంచుచున్నాను.

1984వ సంవత్సరమున నేను పదవ తరగతి చదువుచుంటిని. బెల్లంపల్లి అప్పుడు ఆదిలాబాదు జిల్లాలోనిది. మంచిర్యాల జిల్లా యేర్పడుటకు ఇంకను ముప్పదిరెండేండ్లు గడువవలసియుండెను. మా నాయన బాయిలో కోల్ ఫిల్లరు. నా మిత్రుని తండ్రియు నదే బాయిలో నదే పని చేయుచుండెను. ఫిల్లర్లకు నెలజీతము గాక, నింపిన టబ్బుల లెక్కను బట్టి కూలి గిట్టుచుండెడిది. తట్టయు చెమ్మసును పట్టుకొని లోనికి దిగినవాడు, ప్రక్కవాడెన్ని టబ్బులు నింపెనో ఒక కంట గనిపెట్టుచునే యుండును. సాయంకాలము మా నాయన యింటికి వచ్చి, కాళ్ళు కడుగుకొనకముందే, "ఇయ్యాల ఆయనకంటె ఒక టబ్బు ఎక్కువేసిన" అని మా అమ్మతో చెప్పుట నేనెన్నియోసార్లు వింటిని. ఆ "ఆయన" నా మిత్రుని తండ్రియే. రాత్రి యిద్దరును ఒకే మంచముమీద గూర్చుండి చుట్ట కాల్చుకొనుచుండెడివారు.

తండ్రుల పోటీ కొడుకులకు వచ్చెను. మా మైదానము నల్లనేల, దానిపై బొగ్గుపొడి. సున్నముతో గీతలు గీచిన పూటనే అవి సగము మాసిపోవుచుండెను. ఇద్దరమును వట్టి పాదములతోనే పరుగెత్తెడివారము. ఈలతోపాటు ముందుకు దుముకుటలో నేను మేటిని. ఏబది మీటర్లవరకు నేనే ముందు. అటుపై నా చెవికి అతని యూపిరి వినబడును. మరుక్షణమున అతని వీపు కనబడును. అతడు చివర వేగము హెచ్చించుచున్నాడని నేను చిరకాలము నమ్మితిని. ఎంతటి వేగముగలవాడైనను అరువది మీటర్ల ప్రాంతమున తన పరమవేగము నందుకొని, ఆపై కొంతయో గొప్పయో మందగించునే గాని హెచ్చడని తరువాత చదివి తెలిసికొంటిని. 2009లో బెర్లినులో 9.58 సెకనులలో నూరు మీటర్లు ముగించిన ఉసేన్ బోల్టు పరమవేగమును 60, 80 మీటర్ల నడుమ ప్రదర్శించెను. కావున నా మిత్రుడు వేగము హెచ్చించుట లేదు, నేను మందగించుచుంటిని. ఈ సంగతి అప్పుడే తెలిసియుండిన నా నిద్ర మరింత చెడియుండెడిది.

మా పాఠశాలలో గెలిచినవారికి స్టీలు పళ్ళెమో, పుస్తకమో బహుమానము. దానికై యెవ్వరును కలహించుకొనలేదు. ఆ చలికాలమున పొరుగూరిలో నొక కమిటీవారు ఆటలపోటీలు జరుపుచున్నామనియు, నూరు మీటర్ల పందెమునకు మొదటి బహుమానము రొక్కము నూటపదహార్లనియు ప్రకటించిరి. రెండవవానికేమియు లేదు. ఆ మాట విన్న దినమునుండి మా యిద్దరికిని మనస్సు మనస్సులో లేదు. జిల్లా ఎంపిక పోటీలు దగ్గరపడుచుండెను. ఇద్దరికిని బూట్లు లేవు. మా నాయనతో చెప్పగా, "ఉరికినందుకు పైసలిస్తరా బిడ్డా?" అని యాశ్చర్యపడెను. టబ్బు నింపకుండ కూలి యిచ్చు లోకమొకటి గలదని ఆయన నమ్మలేకపోయెను.

ముందునాటి సాయంకాలము రైలుకట్టమీద గూర్చుండియుండగా నా మిత్రుడు మెల్లగా, "అరేయ్, ఎవడు గెల్సినా సగం సగం. సరేనా?" అనెను. నేను "సరే" అంటిని. ఏబదియెనిమిది రూపాయలకు జత బూట్లు రావని, ఒక్కొక్కరికి ఒక్కొక్క బూటే వచ్చునని నవ్వుకొంటిమి. ఆ యొప్పందములో తప్పేమియు మాకు గనబడలేదు. రెండవవాడను కావలసిన నాకు అది లాభమే. ఓటమి భయము నిజముగా నెరుగని అతనికి అది యేల కావలసివచ్చెనో ఆనాడు నేనడుగలేదు.

మరునాడు ఈల మ్రోగెను. మేమిద్దరమును పరుగెత్తితిమి, నిలిచితిమని యెవ్వరును చెప్పజాలరు. కాని నా చెవికి అతని యూపిరి వినబడలేదు. వినవలెనని నేనును చెవి యొగ్గలేదు. ఎవడు ముందైననేమి? ఎనుబది మీటర్లు దాటిన పిదప, మేమెన్నడు జూడని యొక పల్లెటూరి బాలుడు, మోకాళ్ళవరకు మడిచిన పంట్లాముతో, ఎడమప్రక్కనుండి మమ్ము దాటిపోయెను. అతనికి మా యొప్పందము తెలియదు గదా!

మా డ్రిల్లు మాస్టరుగారు గీత దగ్గర నిలిచియుండిరి. మా యిద్దరి ముఖములను కొంతసేపు చూచి, "పందెం ఉరికిన మొగాలేనా ఇవి? చెమటేదిరా?" అని మాత్రమనిరి. ఆయన కెవ్వరు చెప్పిరో తెలియదు. ఎవ్వరును చెప్పనక్కరలేకపోయెననియే నా నమ్మకము. వారము దినముల తరువాత జిల్లా ఎంపికకు పోవువారి పట్టిక గోడకు అంటించిరి. అందు మా యిద్దరి పేర్లును లేవు. ఇక గెలిచిన బాలుని సంగతి: చందాలు వసూలు కాలేదని చెప్పి కమిటీవారు నూటపదహార్లకు బదులు అతనికొక స్టీలు గ్లాసు నిచ్చిరి. అతని మేనమామ చీకటిపడువరకు వేదికయొద్ద వాదించుచుండెను.

ఈ చిన్నకథలోని ముగ్గురినే నేను తరువాత పెద్ద పెద్ద స్టేడియములలో మరల మరల జూచితిని.

పూర్వము పరుగునకు సొమ్ము పుచ్చుకొనుటయే నేరముగా నుండెను. 1936లో బెర్లిను ఒలింపిక్సున నాలుగు స్వర్ణపతకములు గెలిచిన జెస్సీ ఓవెన్సు, ఆ పోటీలు ముగిసినపిదప అధికారులు చెప్పిన ప్రదర్శనయాత్రను కొనసాగింపక యింటికి మరలినందున, తన అమెచ్యూరు హోదానే కోల్పోయెను. పిమ్మట జీవనోపాధికై గుఱ్ఱములతో పందెము వేసెను. 1980 తరువాతి కాలమున ఆ కట్టుబాట్లు క్రమముగా సడలెను. 1988 ఆగస్టు 17న స్విట్జర్లాండులోని జ్యూరిక్కు నగరమున కార్ల్ లూయిసును బెన్ జాన్సనును నూరు మీటర్లలో తలపడిరి. వచ్చి నిలిచినందుకే ఒక్కొక్కరికి రెండున్నర లక్షల డాలర్లని పత్రికలు వ్రాసెను. లూయిసు 9.93 సెకనులలో గెలిచెను. జాన్సను రెండవవాడుకూడ కాలేదు. కాల్విన్ స్మిత్తు 9.97లో నడుమ దూరెను. లోకమంతయు ఇద్దరినే చూచుచుండగా వచ్చిన ఆ మూడవవానినిగూర్చి చదివినప్పుడు, మడిచిన పంట్లాము నాకు జ్ఞప్తికి వచ్చెను. తరువాతి నెల సియోలులో జాన్సను 9.79లో గెలిచి, నిషిద్ధౌషధము పట్టుబడి స్వర్ణమును పోగొట్టుకొనెను.

పాఠకులు గమనింపవలసినదేమన, పరుగుపందెములలో సొమ్ము రెండు త్రోవల వచ్చును. గెలిచిన స్థానమును బట్టి యిచ్చునది యొకటి; ఇది టబ్బుల కూలి వంటిది. రెండవది, పేరుగలవాడు వచ్చి గీతమీద నిలిచినందుకు లోలోపల బేరమాడి యిచ్చునది. ఇదిగాక బూట్ల కంపెనీల ఒప్పందములు గలవు. పెద్దవారి రాబడిలో హెచ్చుభాగ మదియే. 2024వరకు డైమండ్ లీగు సాధారణ పోటీలో గెలిచినవానికి పదివేల డాలర్లు, తుదిపోటీలో ముప్పదివేలు. ప్రపంచ చాంపియన్‌షిప్పులో విజేతకు డెబ్బదివేలు. వచ్చి నిలిచినందుకే సొమ్ము దొరకునప్పుడు, ప్రత్యర్థితో మాటిమాటికి తలపడుటకు ఎవడు సాహసించును? ఓడిన పేరు తగ్గును. పేరు తగ్గిన బేరము తగ్గును. కావున మేటి పరుగుగాండ్రు ఒకరినొకరు తప్పించుకొని తిరుగుటయు కలదు. మా యొప్పందము నోటితో జరిగెను. వారిది మౌనముగా జరుగుచున్నదని నేను కొన్నిసార్లనుకొందును. ఇది నా యపోహ కావచ్చును.

ఈ రోగమునకు మందు వేయుదునని బయలుదేరినవాడు మైకేలు జాన్సను. ఆయన స్థాపించిన గ్రాండ్ స్లామ్ ట్రాక్ అను పోటీలు 2025లో మొదలాయెను. ప్రత్యర్థులు తప్పించుకొనరాదు, ఏడాదిలో నాలుగుమారులు, ప్రతిమారు రెండేసి పరుగులు. రెంటిలో కలిపి ప్రథముడైనవానికి లక్ష డాలర్లు, ఎనిమిదవవానికిని పదివేలు. ఏప్రిలులో కింగ్‌స్టనులో మొదలై మయామి, ఫిలడెల్ఫియాలలో జరిగెను. కెన్నీ బెడ్నరెక్కు మూడింటను చిన్నపరుగుల విభాగమును గెలిచెను. నాలుగవది, లాస్ ఏంజెలెసులో జరుగవలసినది, రద్దాయెను. గెలిచినవారికి రావలసిన సొమ్ము నెలల తరబడి రాలేదు. ఆ డిసెంబరులో ఆ సంస్థ దివాలా రక్షణ కోరి న్యాయస్థానమున కెక్కెను. లక్ష డాలర్లైననేమి, నూటపదహార్లైననేమి! కింగ్‌స్టనులోనైనను ఒక మేనమామ వేదికయొద్ద వాదించియుండునా యని నాకు నవ్వు వచ్చెను. తరువాత నవ్వు రాలేదు.

సొమ్మును ప్రక్కనబెట్టి పోటీమాత్రమే మిగిలిన పరుగులును లేకపోలేదు. 2024 ఆగస్టు 4న ప్యారిసులో నోవా లైల్సు 9.784 సెకనులలోను, కిషేన్ థాంప్సను 9.789లోను గీతను దాటిరి. అయిదు వేయవవంతులు! కంటితో జూచినవారెవ్వరును చెప్పజాలరైరి. ఆ యేటనే మొదటిసారి ప్రపంచ అథ్లెటిక్సు సంస్థ ఒలింపిక్సు స్వర్ణమునకు ఏబదివేల డాలర్ల బహుమానము ప్రకటించియుండెను. రజతమునకు అప్పుడేమియు లేదు. రెండవవాడనైన నాకు ఆ సంగతి చురుక్కుమనెను.

మన తెలుగుబిడ్డల సంగతి వేరు. విశాఖపట్టణపు జ్యోతి యర్రాజీ సెక్యూరిటీ గార్డు కూతురు. 2022 మే నెలలో సైప్రసులో నూరు మీటర్ల హర్డిల్సును 13.23 సెకనులలో ముగించి, ఇరువదేండ్ల నాటి అనురాధా బిస్వాల్ రికార్డును తుడిచివేసెను. 2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఆమె ప్రక్క గీతలోని చైనా క్రీడాకారిణి వూ యన్నీ తుపాకి మ్రోగకమున్నే కదలెను. అధికారులు మొదట ఇద్దరిని తొలగింపజూచిరి. జ్యోతి అక్కడనే నిలిచి, తాను ముందుగా కదలలేదని వాదించెను. ఎనుబదివేలమంది పట్టు పరదేశపు స్టేడియమున, పరుగునకు ముందు, ఒంటరిగా! చివరకు ఇద్దరిని పరుగెత్తనిచ్చిరి, పరుగు ముగిసిన తరువాత వూ యన్నీని తొలగించిరి, 12.91 సెకనులలో వచ్చిన జ్యోతికి రజతము దక్కెను. ఆ క్రీడలలోనే, సాంఘిక సంక్షేమ గురుకులమున చదివిన మన నందిని అగసార ఏడు అంశముల హెప్టాథ్లానులో 5712 పాయింట్లతో కాంస్యము నందెను. నాలుగవ స్థానమునకు 5708. నాలుగు పాయింట్లు! అటువంటి గురుకులము మన బెల్లంపల్లిలోను గలదు గనుక, ఆ పిల్లల ముందర నేనీ లెక్కను పలుమారు చెప్పుచుందును.

మనదేశమున తరచుగా పరుగునకు గాక పతకమునకే సొమ్ము. అదియు పోటీ జరిపినవారు గాక హెచ్చుగా ప్రభుత్వము లిచ్చును. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు దీప్తి జీవాంజి వ్యవసాయ కూలీల బిడ్డ. మానసిక వైకల్యము గలవారి 400 మీటర్ల పరుగున 2024 మేలో కోబెలో 55.07 సెకనులతో ప్రపంచరికార్డు స్థాపించెను. ప్యారిసులో తుర్కీ దేశపు ఐసెల్ ఓండరు 54.96తో దానిని దాటెను. సెప్టెంబరు 3న తుదిపరుగు. ఉక్రెయిను బాలిక యూలియా షూలియారు 55.16తో ప్రథమురాలు, ఓండరు ద్వితీయురాలు, దీప్తి 55.82తో తృతీయురాలు. తరువాత తెలంగాణ ప్రభుత్వము ఆమెకు కోటి రూపాయలును, గ్రూపు-2 ఉద్యోగమును, వరంగల్లులో 500 గజముల స్థలమును ప్రకటించెను. ఆమె గురువు రమేశ్‌గారికి పదిలక్షలు.

ఆ రాత్రి పదిన్నర దాటినపిదప నా మిత్రుడు మా యింటికి వచ్చెను. అతడు పదవ తరగతి తప్పి, తండ్రి స్థానమున బాయిలో చేరినవాడు. ఆ పొరుగూరి పందెము తరువాత అతడు మరల పరుగెత్తలేదు. ఇద్దరమును నా ఫోనుపై తలలు వంచి చూచితిమి. చివరి మూలమలుపు దాటగానే అతని యూపిరి నా చెవిప్రక్కన వినబడెను. దీప్తి మూడవదిగా గీత దాటెను. నేను "అయ్యో" అంటిని. నలువదేండ్లనాడు అడుగనిదానిని అప్పుడు అడిగితిని: "ఎట్లనైన గెలిచెడివాడవు నీవే గదరా! సగం సగం అని యేల అంటివి?"

అతడు ఫోనునుండి కన్ను మరల్చలేదు. "నువ్వు ఒక్కతీరుగ ఏడుస్తున్నవు గదరా బూట్లకు" అనెను. కొంతసేపైన పిమ్మట, "మూడోదైతే ఏంది? ఆ పిల్ల ఎవ్వలికీ సగం ఇయ్యనక్కర్లేదు" అని లేచి చెప్పులు తొడిగికొనెను. మరునాడు అతనికి మొదటి షిఫ్టు.