స్వచ్ఛమైన గాలి, పొగచూరిన ఊపిరి

లెంగ్‌పుయి విమానాశ్రయం నుంచి ఐజాల్ చేరాలంటే 32 కి.మీ. ఘాట్ రోడ్డు ఎక్కాలి. దారి పొడవునా వెదురు పొదలు, లోయల్లో నిలిచిపోయిన మబ్బులు. ఊళ్లోకి వచ్చాక కొత్తవారిని ఆశ్చర్యపరిచేది నిశ్శబ్దం. ఇరుకు రోడ్ల మీద కార్లు బారులు తీరినా ఎవరూ హారన్ మోగించరు. ఫ్యాక్టరీ గొట్టాల జాడ లేదు. ఢిల్లీ చలికాలాన్ని చవిచూసిన వారికి ఈ గాలి వరంలా తోస్తుంది.

కేన్సర్ రిజిస్ట్రీ లెక్కలు మాత్రం వేరే కథ చెబుతాయి. భారత వైద్య పరిశోధన మండలి 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం, రిజిస్ట్రీలున్న ప్రాంతాలన్నిటిలోకీ ఊపిరితిత్తుల కేన్సర్ రేటు అత్యధికంగా ఉన్నది ఐజాల్ జిల్లాలోనే. 2012-16 గణాంకాలను వయసు తేడాలు సరిచేసి చూస్తే ఏటా లక్ష మంది పురుషులకు 38.8, లక్ష మంది మహిళలకు 37.9 కొత్త కేసులు. పొగమంచు రాజధాని ఢిల్లీ కూడా దీని వెనకే. అంతకన్నా విస్తుగొలిపేది ఆ రెండు అంకెల మధ్య తేడా లేకపోవడం. దేశంలో మిగతాచోట్ల ఈ జబ్బు ప్రధానంగా మగవాళ్లది. ఇక్కడ ఆడవాళ్లు వారితో దాదాపు సమానం.

కారణంలో పెద్ద భాగం ఊరి నడిబొడ్డున ఉన్న బడా బజార్‌లో దొరుకుతుంది. మిజోలు చేత్తో చుట్టి కాల్చే జొజియల్ అనే స్థానిక సిగరెట్ ఒకటి. సీసాల్లో అమ్మే తుయిబుర్ మరొకటి. పొగాకును కాల్చి, ఆ పొగను గొట్టం గుండా నీళ్లలోకి పంపి దీన్ని తయారుచేస్తారు. ఒక గుక్క నోట్లో పోసుకుని, కాసేపు పుక్కిట పట్టి ఉమ్మేస్తారు. ఒకప్పుడు మిజో స్త్రీలు హుక్కా లాంటి గొట్టం పీల్చి, అందులో మిగిలిన పొగనీటిని అతిథులకు ఇవ్వడం మర్యాద. కాబట్టి ఇక్కడ పొగాకు ఆడవాళ్లకు నిషిద్ధం కాదు సరికదా, పెద్దరికమే. 2016-17 జాతీయ సర్వేలో మిజోరం వయోజనుల్లో 58.7 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. దేశ సగటు 28.6 శాతమే. తుయిబుర్‌కు జీర్ణాశయ కేన్సర్‌తో ఉన్న సంబంధాన్ని మిజోరంలో జరిగిన అధ్యయనాలు చూపాయి. ఊపిరితిత్తుల విషయంలో ప్రధాన ముద్దాయి కాల్చే పొగాకే. అలవాటుకు ఓ భూగోళం ఉంటుందన్నది తెలుగువారికీ తెలిసిందే. చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని పీల్చే అడ్డపొగ శ్రీకాకుళం తీరప్రాంతపు స్త్రీలలో ఎందరికో అంగిటి కేన్సర్ తెచ్చింది.

ఇక రెండో పొగ వంటింటిది. అది ఎంత పని చేయగలదో మయన్మార్ అవతల, చైనాలోని యునాన్ రాష్ట్రంలో రుజువైంది. అక్కడి షువాన్‌వెయ్‌లో ఆడవాళ్లు సిగరెట్ ముట్టడం అరుదు. అయినా వారి ఊపిరితిత్తుల కేన్సర్ మరణాల రేటు చైనాలోనే అత్యధికాల్లో ఒకటి. పొగ గొట్టం లేని ఇళ్లలో, బాగా పొగ చిమ్మే స్థానిక బొగ్గుతో వండుకోవడమే కారణం. 1970ల నుంచి పొయ్యిలకు గొట్టాలు అమర్చుకున్న ఇళ్లలో ముప్పు గణనీయంగా తగ్గినట్టు 2002లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. మిజో కొండల్లో మండేది బొగ్గు కాదు, కట్టెలు. వాటి పొగ అంత ఘోరం కాకపోవచ్చు. అయినా పొయ్యి పైన అటక మీద పంది మాంసాన్ని పొగబెట్టి నిల్వ చేసుకునే వంటిళ్లలో అది రోజంతా కమ్ముకునే ఉంటుంది. ఐజాల్‌లో గ్యాస్ వచ్చింది కానీ, ఈ జబ్బు బయటపడడానికి దశాబ్దాలు పడుతుంది. ఇప్పుడు ఆస్పత్రికి వస్తున్న అరవై ఏళ్లవారు పీల్చింది పాత పల్లెల పొగ.

కేంద్రం 2019లో ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం దృష్టంతా నగరాల బయటి గాలి మీదే. అందుకని గాలి చెడిన ఊళ్ల జాబితాలోకి ఐజాల్ ఎక్కలేదు. రాష్ట్ర కేన్సర్ సంస్థ ఊరి చివర జెమాబాక్‌లో ఉంది. అంతకు మించిన చికిత్స కావలసినవారు గువాహటికో, కోల్‌కతాకో, ముంబైకో బయల్దేరతారు. ముంబై దాకా వెళ్లిన చాలామందికి మజిలీ వాషీలోని మిజోరం హౌస్.